కొత్త లాన్ మూవర్‌కి ఏ ఇంజన్ తీసుకోవాలి? మా షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో పటమట వైపు చిన్న ఇంజన్లు రిపేరు చేసే షాపు మాది. స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు, నీళ్ల పంపులు, గడ్డి కోసే మిషన్లు వస్తుంటాయి. మూవర్ కొనేముందు ఫోన్ చేసి అడిగేవాళ్లు తక్కువ. కొన్న ఏడాదికల్లా ఆటోలో వేసుకుని తెచ్చేవాళ్లు ఎక్కువ. ముందే ఒక్క మాట అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది కదా అని ప్రతిసారీ బాధేస్తుంది. అందుకే నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. వెనక నడుస్తూ తోసే పెట్రోలు మూవర్ల గురించే ఇదంతా.

అసలు మాకు ఇంజన్ ఉన్న మూవర్ అవసరమా?

ఇంటి ముందు రెండు మూడు సెంట్ల లాన్ అయితే అవసరం లేదు. కరెంటు మూవర్ చాలు. మెత్తటి కొరియన్ గ్రాస్ అయితే చేత్తో తోసే సిలిండర్ మూవర్ ఇంకా నున్నగా కోస్తుంది. ఐదారు సెంట్లు దాటాక వైరు లాక్కుంటూ తిరగడం కష్టం, అప్పుడు ఇంజన్ గురించి ఆలోచించండి. అపార్ట్‌మెంట్లు, స్కూళ్లు, కల్యాణ మండపాలు, మంగళగిరి రోడ్డు మీద రిసార్టులు అయితే ఇంజన్ ఉండాల్సిందే. 21 అంగుళాల (కోత వెడల్పు) మూవర్‌తో మామూలు నడకలో, మలుపులన్నీ కలుపుకుని, గంటకు సుమారు పాతిక సెంట్లు కోయొచ్చు.

ఖాళీ స్థలంలో నడుం ఎత్తు పెరిగిన తుంగ, పిచ్చిమొక్కలు కొట్టడానికి మాత్రం మూవర్ కొనకండి. ఏ ఇంజన్ పెట్టినా అది ఆ పనికి పుట్టిన మిషన్ కాదు. దానికి బ్రష్ కట్టర్ ఉంది.

ఎన్ని హార్స్ పవర్ ఉండాలి?

అందరూ ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. 21 అంగుళాల మూవర్‌కి 140 నుంచి 190 సీసీ మధ్య ఇంజన్ సరిపోతుంది. 18 అంగుళాలకైతే 125 సీసీ చాలు. ఆ పైన హార్స్ పవర్ అంకె చూసి ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఎందుకంటే ఆ అంకె ఎలా కొలిచారో స్టిక్కరు మీద ఉండదు. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ తీసేసి బెంచీ మీద కొలిస్తే ఒక లెక్క వస్తుంది. అన్నీ బిగించి కొలిస్తే అంతకంటే తక్కువ వస్తుంది. పైగా 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి 3,600 చుట్లు) దగ్గర కొలుస్తారు, మూవర్‌లో ఇంజన్ తిరిగేది 3,000 అటూ ఇటూ. అమెరికాలో ఈ విషయం మీద కొన్నవాళ్లు కంపెనీల మీద కోర్టుకెక్కారు. 2004లో మొదలైన ఆ గొడవ 2010లో రాజీతో ముగిసింది. అప్పటి నుంచి మూవర్ల మీద హార్స్ పవర్ తగ్గి, సీసీ, టార్క్ రాయడం పెరిగింది.

టార్క్ అంటే గడ్డి ఒత్తుగా అడ్డం పడినప్పుడు ఇంజన్ ఆగిపోకుండా బ్లేడును తిప్పే బలం. మనక్కావలసింది అదే. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్ మీద 675 అని ఉంటే 6.75 ఫుట్ పౌండ్ల టార్క్ అని అర్థం, మన లెక్కలో దాదాపు 9.1 న్యూటన్ మీటర్లు. దాన్ని 6.75 హార్స్ పవర్ అని చెప్పి అమ్మడం నా చెవులతో విన్నాను. పాపం అమ్మే ఆ కుర్రాడికీ అలాగే చెప్పి ఉంటారు. హోండా జీఎక్స్‌వీ160 సంగతి చూడండి. అన్నీ బిగించి కొలిస్తే 3.2 కిలోవాట్లు, అంటే నాలుగు హార్స్ పవర్ పైచిలుకు, అంతే. దాంతోనే ఏళ్ల తరబడి రోజూ లాన్లు కోస్తున్నారు.

ఇంజన్ బలం చాలట్లేదని వచ్చే మిషన్లలో చాలావాటికి మొండి బ్లేడే కారణం. బ్లేడు పదును పెట్టించి పంపిస్తే మళ్లీ రారు.

స్పీడు పెంచితే బాగా కోస్తుంది కదా? గవర్నర్ స్ప్రింగ్ బిగించమంటే మెకానిక్ ఒప్పుకోవట్లేదు.

ఆ మెకానిక్‌ని వదులుకోకండి, మంచివాడు. గవర్నర్ అంటే ఇంజన్ స్పీడు హద్దు దాటకుండా చూసే భాగం. 21 అంగుళాల బ్లేడు 3,000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే దాని కొస గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అంత వేగంలో గులకరాయి తగిలితే ఎలా ఎగురుతుందో ఊహించుకోండి. బ్లేడు కొస వేగం సెకనుకు 96.5 మీటర్లు దాటకూడదని అమెరికా ప్రమాణాల్లో హద్దు పెట్టారు. గవర్నర్‌ని ఫ్యాక్టరీలో ఆ హద్దు లోపల ఉండేలా సెట్ చేస్తారు. దాన్ని ముట్టుకోవద్దు.

ఓహెచ్‌వీ, ఓహెచ్‌సీ, సైడ్ వాల్వ్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

వాల్వులు సిలిండర్ పక్కన ఉంటే సైడ్ వాల్వ్, అది పాత పద్ధతి. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, వేడీ ఎక్కువే. మన ఎండలకు కొత్తగా కొనేటప్పుడు వద్దు. వాల్వులు పైన హెడ్‌లో ఉంటే ఓహెచ్‌వీ. వాల్వులతోపాటు వాటిని తెరిచే క్యామ్ కూడా పైనే ఉంటే ఓహెచ్‌సీ. రెండూ మంచివే. ఓహెచ్‌వీలో ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేయడం బైకు మెకానిక్‌కి కూడా వచ్చిన పని కాబట్టి ఊళ్లల్లో ఉండేవాళ్లకు అదే చెబుతాను.

దీనికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు: సిలిండర్‌లో కాస్ట్ ఐరన్ స్లీవ్ (పోత ఇనుప గొట్టం) ఉందా, లేక పిస్టన్ నేరుగా అల్యూమినియం మీదే ఆడుతోందా? వారానికోసారి అరగంట నడిపే ఇంటికి అల్యూమినియం సరిపోతుంది. రోజూ గంటల తరబడి నడిపే చోట స్లీవ్ ఉండాలి.

హోండాలో జీసీవీ, జీఎక్స్‌వీ రెండూ దాదాపు 160 సీసీయే. ధరలో మాత్రం తేడా ఉంది. ఎందుకు?

రెండూ వేర్వేరు మనుషుల కోసం చేసినవి. జీసీవీ160 ఇళ్లకు. దాంట్లో సిలిండర్, హెడ్ ఒకే పోతగా ఉంటాయి, క్యామ్‌ని తిప్పే బెల్టు లోపల ఆయిల్లోనే తిరుగుతుంది. తేలిక, చప్పుడు తక్కువ, తాడు సులువుగా లాగొచ్చు. కానీ హెడ్ విడిగా ఊడదు కాబట్టి వాల్వు పని పడితే మాకు కష్టం, మీకు ఖర్చు. తర్వాత వచ్చిన జీసీవీ170, జీసీవీ200 కూడా ఈ కుటుంబంలోవే.

జీఎక్స్‌వీ160 పని చేసుకుని బతికేవాళ్ల ఇంజన్. 163 సీసీ, ఓహెచ్‌వీ, కాస్ట్ ఐరన్ స్లీవ్, హెడ్ విడిగా ఊడుతుంది. బరువుంటుంది, ధర ఎక్కువ. అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లడిగితే ఇదే చెబుతాను. కవాసాకీ ఎఫ్‌జే180వీ కూడా ఈ తరగతిదే, 179 సీసీ. దాని పార్టులు మీ దగ్గర దొరుకుతాయో లేదో కనుక్కుని కొనండి.

హోండా మూవర్లు ఆపేసిందని, బ్రిగ్స్ దివాలా తీసిందని విన్నాం. ఇప్పుడు కొంటే పార్టులు దొరుకుతాయా?

రెండు వార్తల్లోనూ సగం నిజముంది. అమెరికాలో హోండా 2023 సెప్టెంబరులో పెట్రోలు లాన్ మూవర్ల తయారీ ఆపింది, ఇంజన్ల తయారీ ఆపలేదు. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 1908 నాటి కంపెనీ. 2020 జులైలో దివాలా పిటిషన్ వేసింది, తర్వాత యజమాని మారి నడుస్తోంది. పార్టుల గురించి టెన్షన్ పడాల్సింది అమెరికా వార్తలు చూసి కాదు. ఫలానా ఇంజన్‌కి కార్బరేటర్, ఎయిర్ ఫిల్టర్, స్టార్టర్ స్ప్రింగ్, ఫ్లైవీల్ కీ ఇవ్వగలరా అని గవర్నర్‌పేటలోనో ఆటోనగర్‌లోనో, గుంటూరు వాళ్లయితే అక్కడి షాపుల్లోనో అడగండి. ఇంజన్ నంబరు చెప్పి మరీ అడగండి.

ఫ్లైవీల్ కీ గురించి ఒక సంగతి చెప్పాలి. ఫ్లైవీల్ చక్రాన్ని ఇంజన్ షాఫ్టుకు పట్టి ఉంచే వేలిగోరంత ముక్క అది, మెత్తటి లోహంతో కావాలనే చేస్తారు. బ్లేడు రాయికో బోరు మూతకో తగిలి టక్కున ఆగిపోతే ఆ ముక్క తెగి క్రాంక్‌ను, అంటే ఆ షాఫ్టును, కాపాడుతుంది. తెగాక టైమింగ్ తప్పి, తాడు లాగితే చేతిని వెనక్కి గుంజేస్తుంది. ఒకాయన మిషన్ విప్పితే కీ బదులు మేకు ముక్క కోసి పెట్టి ఉంది. రెండోసారి రాయి తగిలినప్పుడు మేకు తెగలేదు, క్రాంక్ వంగింది. చిన్న ముక్క దొరక్కపోవడం వల్ల ఇంజనే పోయింది. అందుకే పార్టులు అడిగి కొనమని ఇంతగా చెబుతున్నాను.

చైనా ఇంజన్ సగం ధరకే వస్తోంది. తీసుకోవచ్చా?

చైనా అనగానే చెత్త అని నేననను. లాన్సిన్, జాంగ్‌షెన్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు పేరున్న మూవర్ కంపెనీలకే ఇంజన్లు చేసిస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే పేరు లేనివాటితో, ప్రతి లాట్‌కీ కార్బరేటర్ మారిపోయేవాటితో. ఇంజన్ మీద తయారీదారు పేరు, మోడల్, సీరియల్ నంబరు పోతలోనో ప్లేటు మీదో ఉన్నాయా? ఉంటే మాట్లాడొచ్చు. స్టిక్కరు ఒక్కటే ఉంటే వదిలేయండి.

మా పొలంలో పంపుకి వాడే పెట్రోలు ఇంజన్ ఖాళీగా ఉంది. మూవర్‌కి బిగించొచ్చా?

గుంటూరు వైపు మిర్చి రైతులు ఇది ఎక్కువగా అడుగుతారు. కుదరదండీ. పంపు ఇంజన్‌లో షాఫ్టు పక్కకు, అడ్డంగా ఉంటుంది. మూవర్‌లో కిందికి, నిలువుగా ఉండాలి, బ్లేడు నేరుగా దానికే బిగుస్తుంది. ఇంజన్‌ని పక్కకు పడుకోబెట్టి బిగిస్తే ఆయిల్ అందాల్సిన చోటికి అందదు, కొద్ది నిమిషాల్లో సీజ్ అవుతుంది. జీఎక్స్160, జీఎక్స్‌వీ160 అనే పేర్లలో ఆ 'వీ' అక్షరం చెప్పేది ఈ తేడానే.

ఉన్న మూవర్‌కి కొత్త ఇంజన్ మాత్రమే కొంటుంటే షాఫ్టు మందం, పొడవు రెండూ కొలిచి తీసుకెళ్లండి. 22.2 మి.మీ. మందం ఎక్కువగా కనిపిస్తుంది, 25.4 కూడా ఉంటుంది. పొడవు తేడా వస్తే బ్లేడు డెక్కుకి (బ్లేడు మీది మూతకి) తగులుతుంది.

స్ప్రేయర్ కోసం ఆయిల్ కలిపిన పెట్రోలు మిగిలింది. దీంట్లో పోయొచ్చా?

వద్దు. స్ప్రేయర్ టూ స్ట్రోక్ అయితే దానికి ఆయిల్ పెట్రోలులోనే కలపాలి. మూవర్ ఫోర్ స్ట్రోక్, ఆయిల్ విడిగా పోస్తాం. కలిపింది పోస్తే పొగ వస్తుంది, ప్లగ్గు మసి పడుతుంది. దీనికి తిరగబడ్డ పొరపాటు ఇంకా ప్రమాదం: మామూలు పెట్రోలు టూ స్ట్రోక్‌లో పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలే కదా?

అవును, 20 శాతం దాకా కలుపుతున్నారు. చిన్న ఇంజన్ల మాన్యువళ్లలో చాలావాటిలో 10 శాతమే హద్దని రాసి ఉంటుంది. అందుకే కొత్తది కొనేటప్పుడు మాన్యువల్ తీయించి 'ఈ20' అన్న మాట ఉందో లేదో చూడండి. ఉన్నదే తీసుకోండి.

ఇథనాల్ గాలిలో తేమను లాక్కుంటుంది. జులై నుంచి నవంబరు దాకా మన గాలిలో తేమకు కొదవ లేదు. నెల రోజులు పెట్రోలు నిలవున్న కార్బరేటర్ విప్పితే అడుగున నీటిబొట్లు, ఇత్తడి జెట్ చుట్టూ పచ్చటి చిలుము కనిపిస్తాయి. ఒకసారికి లీటరో రెండో తెచ్చుకోండి. కోత అయిపోయాక పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజన్ తనంతట తానే ఆగేదాకా వదిలేయండి. ట్యాపు లేని మోడల్ అయితే నాకు నచ్చదు, ఈ ఒక్క కారణానికే.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: 160 సీసీ ఇంజన్ గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు తాగుతుంది.

మన ఎండలకు ఏ ఆయిల్ పోయాలి?

మాన్యువల్‌లో ఏముంటే అది. 10డబ్ల్యూ30 చాలాచోట్ల రాసి ఉంటుంది, కానీ వేడి 27 డిగ్రీలు దాటితే అది కాస్త ఎక్కువ ఖర్చవుతుందని బ్రిగ్స్ వాళ్లే చెబుతారు. బెజవాడలో 27 డిగ్రీలంటే చలికాలం మధ్యాహ్నం! ఎస్‌ఏఈ 30 రాసి ఉన్న ఇంజన్ అయితే మనకు అదే మేలు. పట్టేది అర లీటరు, ఇంకొంచెం. కొత్త ఇంజన్‌లో మొదటి ఆయిల్ త్వరగా మార్చాలి, కంపెనీని బట్టి 5 నుంచి 20 గంటల్లోపు. ఆయిల్ మార్చక్కర్లేదు, పైన పోస్తే చాలు అని చెప్పే మోడళ్లున్నాయి. మన దుమ్ముకు నేను మాత్రం మార్చమనే చెబుతాను.

మే నెల మధ్యాహ్నం గడ్డి కోయించకండి. ఇంజన్ సంగతి తర్వాత, తోసే మనిషి ప్రాణం ముఖ్యం.

ఇంజన్‌లో అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

ఎయిర్ ఫిల్టర్. నా సమాధానం ఎప్పుడూ ఇదే.

ఒక అపార్ట్‌మెంట్ నుంచి కొన్న మూడు నెలలకే మిషన్ వచ్చింది. పవర్ లేదు, పొగ వస్తోంది. ఆయిల్ తీసి రెండు వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడింది. సిలిండర్ లోపల పైనుంచి కిందికి గీతలు. ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఖాళీ. వాళ్ల తోటమాలి బాబాయ్ అన్నాడు, "దుమ్ము పట్టి మిషన్ ఆగిపోతుంటే తీసేశానయ్యా, తీశాక బాగా నడిచింది" అని. ఆయన తప్పేమీ లేదు. లాన్ మీద కొత్తగా ఎర్రమట్టి చల్లి, అది ఆరకముందే కోయమన్నారు, ఫిల్టర్ గురించి ఒక్కరూ చెప్పలేదు. ఆ మిషన్ కొన్నది కమిటీ వాళ్లు, బిల్లు ఫైల్లో పెట్టింది మేనేజరు, మాన్యువల్ కవరు కూడా విప్పలేదు. తోసేది మాత్రం ఈయన.

కాబట్టి కొనేటప్పుడే ఫిల్టర్ డబ్బా తెరిచి చూపించమనండి. పనిముట్టు లేకుండా చేత్తోనే తెరుచుకోవాలి. పైన నురగ స్పాంజి, లోపల కాగితం, రెండు పొరలున్నది మంచిది. స్పాంజిని సబ్బునీళ్లతో ఉతికి, ఆరబెట్టి, రెండు చుక్కలు ఆయిల్ పిండి పెట్టొచ్చు. కాగితాన్ని తడపకూడదు, తట్టాలి. అదనంగా రెండు ఫిల్టర్లు ఆ రోజే కొనేయండి.

ఇంకోటి, మిషన్‌ని కిందివైపు కడగడానికి వంచేటప్పుడు ఫిల్టర్ వైపు పైకి ఉండాలి. లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి కారి నానిపోతుంది.

తానే నడిచే మూవర్ తీసుకోవాలా, తోసేదా?

పది సెంట్లు దాటితే తానే నడిచేదే తీసుకోండి. దానికి ఇంజన్ బలం కొంత పోతుంది కాబట్టి 160 సీసీకి తగ్గొద్దు. తోసేవాళ్లకు యాభై ఏళ్లు దాటి ఉంటే లెక్కలు చూడకుండా ఇదే కొనండి. బటన్ స్టార్ట్ మాత్రం నేను పెద్దగా చెప్పను. కార్బరేటర్ శుభ్రంగా ఉంటే తాడు రెండో లాగుడుకే అందుకుంటుంది, బ్యాటరీ ఇంకో ఖర్చు.

కాలువ గట్టు మీద కోయొచ్చా?

గట్టు వాలుగా ఉంటుంది. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ చిమ్ముకుంటూ పైకి అందాలి. వాలు 15 డిగ్రీలు దాటితే ఆయిల్ ఒక పక్కకు పోయి లోపల ఎండిపోతుంది. మనిషి జారితే అంతకంటే ఘోరం. గట్టుకు బ్రష్ కట్టరే.

వరదలో మునిగిన మిషన్ బాగవుతుందా? లేక కొత్తదే కొనాలా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు నుంచి వరసగా వచ్చాయి. బాగైనవాటికీ పోయినవాటికీ తేడా ఒక్కటే: బాగైనవాళ్లు తాడు లాగలేదు. లోపల నీళ్లుండగా లాగితే పిస్టన్ నీళ్లను నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ముందు ప్లగ్గు విప్పండి. ఆయిల్ దించండి, పాలు కలిపిన టీలా వస్తుంది. ట్యాంకు, కార్బరేటర్ ఖాళీ చేయండి. ప్లగ్గు లేకుండా తాడు లాగితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. చెంచాడు ఆయిల్ ప్లగ్గు రంధ్రంలో పోసి ఇంకోసారి లాగండి. కొత్త ఆయిల్‌తో పది నిమిషాలు నడిపి, ఆ ఆయిల్ కూడా మార్చేయండి. ఫ్లైవీల్ మూత కింద రెక్కల్లో బురద ఎండకముందే కడగాలి, లేకపోతే గాలి ఆడక ఇంజన్ కాలిపోతుంది. వారంలోపు ఇదంతా చేయగలిగితే కొత్త ఇంజన్ అక్కర్లేదు.

హ్యాండిల్ దగ్గర పట్టుకునే లివర్ వదిలితే ఇంజన్ ఆగిపోతోంది. తీగతో కట్టేయమంటున్నారు.

దయచేసి కట్టొద్దు. చెయ్యి వదిలితే బ్లేడు 3 సెకన్లలో ఆగాలని అమెరికాలో 1982లోనే నియమం పెట్టారు, ఎంతోమంది వేళ్లు పోయాక. ఆ లివర్ లేని మిషన్ కొత్తగా కొనొద్దు. ఉన్నదాన్ని కట్టేసి తెస్తే ముందు తీగ తెంచి, ఆ తర్వాతే మిషన్ ముట్టుకుంటాను.

షాపులో డబ్బు కట్టేముందు ఏం చేయాలి?

ఇంజన్ చల్లగా ఉండగా మీ ముందే స్టార్ట్ చేయించండి. ఐదు నిమిషాలు నడవనివ్వండి, ఆపి, వేడిగా ఉండగా మళ్లీ లాగండి. వేడి మీద అందుకోని ఇంజన్‌తోనే రోజూ గొడవ. వారంటీ ఇంటి వాడకానికా, పనివాళ్ల వాడకానికా అని అడిగి రాయించుకోండి. అపార్ట్‌మెంట్‌కి వాడితే ఇంటి వారంటీ చెల్లదనే షాపులున్నాయి.

వెళ్లేటప్పుడు మీ తోటమాలిని వెంట తీసుకెళ్లండి. తాడు ఆయన చేత లాగించండి, హ్యాండిల్ ఎత్తు ఆయనకు సరిపోయిందో చూడండి, ఫిల్టర్ ఆయన చేతే తీయించి పెట్టించండి. రెండు మిషన్లలో ఏది బాగుందో ఆయన్నే అడగండి.